‘మొద్దు’ కూడా ఒక పేరే కదా

తొమ్మిది పేజీల నివేదిక. అంతా ఇంగ్లీషు. మా తమ్ముడు దాన్ని మందుల దుకాణం కవరులో పెట్టుకుని, ఆదివారం పొద్దున్నే తెనాలిలో బస్సెక్కి విజయవాడలో మా ఇంటికి తెచ్చాడు. “కాస్త ఇది చదివి చెప్పు అక్కా” అని బల్ల మీద పెట్టి, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

వాడి కొడుకు మూడో తరగతి. బడిలో ఏడాదిగా పంచాయితీ నడుస్తోంది. ‘స్లో లెర్నర్’ అన్నారు. ఇంట్లో శ్రద్ధ తీసుకోవడం లేదన్నారు. చివరికి వేరే బడి చూసుకుంటే మంచిదేమో అని కూడా అన్నారు. నేనే పట్టుబట్టి ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపించాను. ఆవిడ పిల్లవాడితో రెండు పూటలు కూర్చుని రాసిన నివేదిక అది.

ఒక్కో వాక్యం చదువుకుంటూ తెలుగులో చెబుతున్నాను. వింటే ఇట్టే గ్రహిస్తాడు. అదే సంగతి చదివి తెలుసుకోమంటే అడుగడుగునా ఆగిపోతాడు. పై వరుసలో సరిగ్గా చదివిన మాటనే కింది వరుసలో పోల్చుకోలేడు. చూసి రాయమంటే బాగానే దించుతాడు, చెప్పి రాయిస్తే తడబడతాడు. పుస్తకం తియ్యమనగానే దాహం వేస్తుంది, కడుపులో నొప్పి వస్తుంది. మూడో పేజీలో ఉండగా తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇది వాడి గురించి రాసిందా, నా గురించా?”

నేను మాట్లాడలేదు. నాకు ఆ అనుమానం రెండో పేజీలోనే వచ్చింది.

తెలుగు పండితుడి కొడుకు

మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. సాయంత్రం అరుగు మీద కూర్చుని పద్యాలు చదివేవారు. తమ్ముడు పక్కన ఆడుకుంటూనే వాటిని పట్టేసేవాడు. బడిలో వెయ్యకముందే యాభై శతక పద్యాల దాకా వాడి నోట్లో ఆడేవి. ఇంటికి ఎవరు వచ్చినా వాడిని నిలబెట్టి చెప్పించేవారు. అప్పట్లో మా ఇంట్లో తెలివైన పిల్ల నేను కాదు, వాడే.

బడిలో వేశాక కూడా రెండేళ్ళు ఎవరికీ ఏమీ తెలియలేదు. కారణం నేనే. రాత్రిళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని వాడి పాఠం నేను పైకి చదివేదాన్ని. తెల్లవారేసరికి వాడు అది మొత్తం అప్పజెప్పేవాడు, పైగా వేలు వరుసల కింద నడిపిస్తూ. రెండో తరగతిలో ఒక రోజు నాన్నగారు ఎదురుగా కూర్చోబెట్టుకుని చదవమన్నారు. గడగడా సాగుతోంది. ఆయన మొహం వెలిగిపోతోంది. అంతలో ఆయన చూపు పుస్తకం మీద పడింది. నోట్లో రెండో పేజీ నడుస్తోంది, ఒళ్ళో మాత్రం ఇంకా మొదటి పేజీయే ఉంది. వాడు పేజీ తిప్పడం మరిచిపోయాడు.

ఆ సాయంత్రం పడిన దెబ్బల గురించి రాయను. చదవలేకపోయినందుకు కాదు, మోసం చేసినందుకు కొట్టారు. ఆ వయసు పిల్లవాడు పేజీ మొత్తం విని గుర్తుపెట్టుకుని చెప్పగలిగాడంటే అది ఎంత పెద్ద పనో ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. ఆ తర్వాత స్కేలు నా చేతికీ వచ్చింది. ‘గుర్తు’ అనే మాట వందసార్లు రాయమని నేను ఇచ్చిన ఇంపోజిషన్ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. మొదటి పది సరిగ్గా ఉన్నాయి. తర్వాత గుత్తు అయింది, గుర్రు అయింది, గూర్తు అయింది. చివరి వరుసకు వచ్చేసరికి అది ఏ భాషో చెప్పలేం. కావాలనే చేస్తున్నాడని నా గట్టి నమ్మకం. కావాలని అన్ని రకాలుగా తప్పు రాయడం ఎవరికైనా సాధ్యమా అని నేను ఆలోచించలేదు.

అమ్మ వాడిని బాసర తీసుకువెళ్ళి రెండోసారి అక్షరాభ్యాసం చేయించింది. నలభై రోజులు పరగడుపున సరస్వతీ ఆకు రసం పట్టించింది. పదో తరగతి రెండుసార్లు తప్పాక మోటారు వైండింగ్ దుకాణంలో పనికి కుదిరాడు. పండితుడి కడుపున మొద్దు పుట్టాడని ఊళ్ళో అనుకున్నారు. మా ఇంట్లోనూ అదే మాట, కాకపోతే తలుపులు వేసుకుని అనుకునేవాళ్ళం.

ఇప్పుడు వాడికి నలభై మూడు. సొంత దుకాణం, ఇద్దరు పనివాళ్ళు. బోరు మోటారు తిప్పి శబ్దం వింటే బేరింగు అరిగిందో వైండింగు కాలిందో చెప్పేస్తాడు. ఏ మోటారుకు ఎన్ని చుట్లు చుట్టాలో మిగతావాళ్ళు పుస్తకంలో రాసుకుంటారు, వీడు తలలో పెట్టుకుంటాడు. బ్యాంకుకు వెళితే మాత్రం కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చానంటాడు. వాడికి కళ్ళజోడే లేదు. హోటల్లో కూర్చుంటే మెనూ కార్డు పక్కకు జరిపి, “మీరు ఏది చెబితే నాకూ అదే” అంటాడు. ఈ మాటకు మావాళ్ళలో వాడికి కలుపుగోలు మనిషని పేరు వచ్చింది. వాట్సాప్‌లో వాడి నుంచి వచ్చేవన్నీ వాయిస్ మెసేజీలే. ఒకసారి స్నేహితుడి చీటీకి హామీ కాగితం మీద, చదివినట్టు రెండు నిమిషాలు తల ఊపి, సంతకం పెట్టాడు. ఎనభై వేలు కట్టుకున్నాడు.

మరదలికి పెళ్ళైన పదో రోజే తెలిసిందట. ఎవరికీ చెప్పలేదు. బిల్లులు తను రాస్తుంది, ఫారాలు తను నింపుతుంది. “మీకు తెలుసనే అనుకున్నాను వదినా” అంది నాతో. మాకు తెలుసు. తెలిసిందల్లా తప్పు పేరుతో తెలుసు.

ముద్ర ఎప్పుడో పడింది

నివేదిక చివరి పేజీలో డిస్లెక్సియా అని ఉంది, అంటే తెలివి బాగానే ఉన్నా చదవడం పట్టుబడని ఇబ్బంది. ఇంకా ఎనిమిదేళ్ళు నిండని పిల్లవాడికి అప్పుడే ఆ ముద్ర ఎందుకని చుట్టాలందరూ నా మీద పడ్డారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. పెద్దయ్యేకొద్దీ అదే సర్దుకుంటుంది, నాలుగు రోజులు చూడండి, వైకల్యమని కాగితం మీద రాయించుకోవడం ఎందుకు అని.

నా అభిప్రాయం వేరు. ముద్ర వేయాలా వద్దా అన్నది ఇప్పుడు మన చేతిలో ఉన్న నిర్ణయం కాదు. అది ఎప్పుడో పడింది. మొద్దు, మట్టిబుర్ర, సోమరి, వాడికి చదువు ఒంటబట్టదు, వాడి మనసంతా ఆటల మీదే. ఇవన్నీ పేర్లే. ఇవి ఇవ్వడానికి సైకాలజిస్టు అక్కర్లేదు, రెండు పూటల పరీక్ష అక్కర్లేదు, ఎనిమిదేళ్ళు నిండాలన్న నిబంధన కూడా లేదు. ఎవరైనా, ఎప్పుడైనా, నలుగురి ముందూ ఇచ్చేయవచ్చు. జీవితాంతం చెల్లుతాయి. పిల్లవాడికి పేరు ఎలాగూ పెడుతున్నాం కాబట్టి, తగినదేదో కనుక్కుని పెడదాం అంటున్నాను. అంతే.

పేరును బట్టే కదా మందు. బద్ధకం అన్నాం, దాని మందు దెబ్బ. దృష్టి దోషం అన్నాం, తాయెత్తు. ఏకాగ్రత లేదన్నాం, సరస్వతీ ఆకు. మా తమ్ముడికి అన్ని మందులూ పడ్డాయి, వాడికున్న ఇబ్బందికి పనికివచ్చేది తప్ప.

ఇక్కడ నన్ను ఇరుకున పెట్టే సంగతి ఒకటుంది. డిస్లెక్సియా లాంటివాటన్నిటికీ కలిపి వాడే ‘లర్నింగ్ డిజెబిలిటీ’ అన్న మాటను 1963లో షికాగోలో తల్లిదండ్రుల సమావేశంలో ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికా మనస్తత్వవేత్త శామ్యూల్ కిర్క్. తెలివితేటలు బాగానే ఉండి చదవలేని పిల్లలున్న తల్లిదండ్రులు తమ పిల్లల స్థితికి ఒక పేరు కోసం వెతుక్కుంటున్న రోజులవి. ఆయన ఆ మాట ఇచ్చాడు, అదే ప్రసంగంలో ఒక హెచ్చరిక కూడా చేశాడు. పిల్లలకు ఇలాంటి పేర్లు పెట్టడం మన పెద్దవాళ్ళకు తృప్తినిస్తుంది గాని పిల్లవాడికి ఒరగబెట్టేది తక్కువ అని. పేరు పెట్టిన మనిషే ఆ మాట అన్నాడంటే ఆషామాషీగా తీసుకోలేం. నివేదిక చదివిన మూడో రోజు మరదలు ఫోనులో, “వాడికి డిస్లెక్సియా కదా వదినా, ఇక చదవమని ఒత్తిడి చేయడం మానేశాం” అంది. కిర్క్ భయపడింది దీనికే అనుకుంటాను. తాళంచెవి దొరికింది కదా అని గోడకు తగిలించుకుంటే ఎలా?

చెవికి వచ్చింది కంటికి రాకపోవడం

డిస్లెక్సియా అన్న మాట పుట్టింది 1887లో. స్టుట్‌గార్ట్‌లో కంటి వైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ వాడాడు. అది బడిపిల్లల సంగతి కాదు, జబ్బు వల్ల చదివే శక్తి పోయిన పెద్దవాళ్ళ సంగతి. పుట్టుకతోనే చదవడం పట్టుబడని పిల్లవాడి గురించి రాసినవాడు ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్, 1896లో, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో. ఆ కుర్రవాడికి పద్నాలుగేళ్ళు, పేరు పెర్సీ. సొంత పేరు రాయబోయి అక్షరాలు తారుమారై ‘ప్రెసీ’ అని రాశాడు, ఒకటికి రెండుసార్లు చెబితే గాని తప్పు కనిపెట్టలేదు. వాడికి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన మాస్టారు ఒక మాట అన్నాడట. చదువంతా నోటితోనే సాగితే బడి మొత్తానికి వీడే చురుకైనవాడు అని.

అది చదివినప్పుడు నాకు మా అరుగు గుర్తుకొచ్చింది. పద్యం చెవిన పడితే చాలు నిలిచిపోయే పిల్లవాడికి మా నాన్నగారు నోటితో నేర్పినంత కాలం ఏ లోటూ లేదు.

మాట్లాడటం మనిషికి దానంతట అదే వస్తుంది. చుట్టూ మనుషులుంటే చాలు. చదవడం అలా కాదు. అది అయిదు వేల ఏళ్ళ కిందట మనిషి కల్పించుకున్న పని. దానికోసం మెదడులో పుట్టుకతో గది కట్టి ఉండదు, ప్రతి పిల్లవాడూ మాట గదికీ చూపు గదికీ మధ్య తలుపు కొట్టుకోవాలి. మాటను చిన్న చిన్న ధ్వనులుగా విడదీసి, ఒక్కోదాన్ని ఒక్కో గుర్తుకు ముడివేయాలి. చాలామందికి అది ఏడాది రెండేళ్ళలో పట్టుబడి, తర్వాత చదువుతున్నామన్న ధ్యాసే ఉండదు. కొందరికి ఆ ముడి గట్టిగా పడదు. లోపం కంటిలో లేదు. తెలివిలోనూ లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం బాగా ఎక్కువ. మా ఇంటి సంగతి చూస్తే ఇది చెప్పడానికి పుస్తకం కూడా అక్కర్లేదు. అంకెలతో ఇలాంటి చిక్కే వస్తే డిస్కాల్క్యులియా, రాతతో వస్తే డిస్గ్రాఫియా అంటారు. ఒకే పిల్లవాడిలో రెండు మూడు కలిసి ఉండటమూ మామూలే.

‘లర్నింగ్ డిజెబిలిటీ’కి తెలుగులో అభ్యసన వైకల్యం అని బి.ఎడ్. పుస్తకాల్లో ఉండే మాట వినగానే మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ దృష్టిలో అది బుద్ధిమాంద్యం. ఆవిడను ఏమని అనగలం? లండన్‌లో ఉన్న మా పిన్ని కూతురు కూడా ఫోనులో ఇలాగే కంగారుపడింది. బ్రిటన్‌లో ఆ ఇంగ్లీషు మాటకు అర్థం బుద్ధిమాంద్యమే. అమెరికాలో, మన దగ్గర వేరు. ఒకే మాట సముద్రం దాటితే అర్థం మారిపోతుంది, మధ్యలో తల్లులు బెంబేలెత్తుతారు. ఆ చెల్లెలే ఇంకో సలహా ఇచ్చింది, పిల్లవాడితో ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషులోనే మాట్లాడమని. ఎవరో టీచరు చెప్పారట. రెండు భాషలు వినడం వల్ల డిస్లెక్సియా రాదు, ఒకటి మానేస్తే పోదు. కథలు వినగలిగిన ఒక్క భాషనూ వాడి దగ్గరనుంచి లాక్కుంటే మిగిలేది ఏమిటి?

కూడబలుక్కుని చదివేవాళ్ళు

నాకు నివేదిక మీదే ఒక అనుమానం ఉంది. పరీక్ష ఇంగ్లీషులో జరిగింది. బడి ఇంగ్లీషు మాధ్యమం, ఇల్లు తెలుగు. వాడికి చదవడం రాలేదా, ఇంగ్లీషు రాలేదా? ఇదే సైకాలజిస్టును అడిగాను. ఆవిడ దాచలేదు. ఇంగ్లీషు పరీక్షకు తోడు రెండో తరగతి తెలుగు వాచకం చదివించి చూశానని, అయితే తెలుగు పిల్లలు ఏ వయసులో ఎంత వేగంగా చదవాలో పోల్చి చూసుకునే కొలతలు తన దగ్గర లేవని చెప్పింది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం మన దేశ భాషల కోసం ‘డాలి’ అనే పరీక్ష తయారుచేసినప్పుడు కూడా మొదట వచ్చినవి హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు. ఇన్ని కోట్లమంది మాట్లాడే భాష మొదటి వరుసలో లేకపోయినా మనలో ఎవరికీ చీమ కుట్టలేదు. అదే సినిమా టైటిల్ తెలుగులో పెట్టకపోతే ఎంత గొడవ చేస్తాం!

ఇటలీ, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల్లో డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్ళను పోల్చిన అధ్యయనం ఒకటి 2001లో సైన్స్ పత్రికలో వచ్చింది. చదివేటప్పుడు మెదడులో తేడా మూడు దేశాల వాళ్ళలోనూ ఒక్కచోటే కనిపించింది. చదవడంలో మాత్రం ఇటలీవాళ్ళు మిగతా ఇద్దరికంటే తప్పులు తక్కువ చేశారు. ఇటాలియన్‌లో రాసినట్టే పలుకుతారు, ఇంగ్లీషులో రాతకూ పలుకుకూ పొంతన ఉండదు. మరి తెలుగు? రాసినట్టే పలుకుతాం కాబట్టి మనం ఇటలీ పక్షం. అందువల్ల మన పిల్లవాడు తప్పులు లేకుండానే చదవవచ్చు, కాకపోతే అక్షరం అక్షరం కూడగట్టుకుని చదువుతాడు. దానికి తెలుగులో మాట ఎప్పటినుంచో ఉంది: కూడబలుక్కుని చదవడం. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. తప్పులు లెక్కపెట్టే టీచరుకు వాడు దొరకడు. ఎంతసేపు పట్టిందో, చదివాక ఎంత అలసిపోయాడో చూసేవాళ్ళకే దొరుకుతాడు.

అలాగని మన లిపి సులువని చెప్పను. పొద్దున్నే మేనల్లుడి పక్కన కూర్చుని చూశాక ఆ మాట నోట రాదు. ప, వ, ష వాడికి ఒకే ఇంటి పిల్లల్లా కనిపిస్తాయి. వ, మ మధ్య ఎప్పుడూ తగాదాయే. ‘ప్ర’లో ముందు పలికేది ప, తర్వాత ర. కాగితం మీద మాత్రం ర ఒత్తు ప కి ఎడమ పక్కనుంచి చుట్టుకుని వస్తుంది. “ఇది ముందుంది కదా అత్తా, మరి ముందు ఎందుకు చదవకూడదు?” అని అడిగాడు. నలభై ఏళ్ళకు పైగా తెలుగు చదువుతున్నాను, ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు. ‘కై’లో గుర్తు సగం నెత్తిన, సగం పాదాల కింద. ‘రాష్ట్రం’ దగ్గర పెన్సిలు కింద పెట్టేశాడు. ష కింద ట, దానికి మళ్ళీ ర. గుణింతాలూ ఒత్తులూ కలిపితే పిల్లవాడి ముందుకు వచ్చేవి యాభై ఆరు గుర్తులు కావు, వందల గుర్తులు. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలో అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా, ఆ తర్వాత కూడా, సమయం పడుతుందని తేలింది. కన్నడ లిపి మన లిపికి అక్కచెల్లెలే. మనం మాత్రం ఒకటో తరగతి పూర్తయ్యేసరికి అన్నీ వచ్చేయాలంటాం.

సగం తరగతి చదవలేకపోతే

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన అభ్యంతరం మండల పరిషత్తు బడిలో పనిచేసే నా స్నేహితురాలిది. “మీ మేనల్లుడికి సైకాలజిస్టు ఉంది, ఇంగ్లీషు చదివి చెప్పే మేనత్త ఉంది. నా తరగతిలో సగం మందికి చదవడం రాదు. వాళ్ళందరికీ డిస్లెక్సియానా?” అంది. ఆవిడ ఊరికే అనలేదు. పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చిందో చూసేందుకు గ్రామీణ ప్రాంతాల్లో జరిగే అసర్ సర్వే ప్రకారం 2022లో దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 42.8 శాతం. డిస్లెక్సియా వందలో ఐదు నుంచి పది మంది దాకా ఉంటుందని సాధారణంగా అంచనా వేస్తారు. మిగతావాళ్ళకు వచ్చిన చిక్కు చెప్పేవాళ్ళు లేకపోవడం, కరోనా సెలవులు, ఇంట్లో పుస్తకమన్నది లేకపోవడం, అర్థం కాని భాషలో పాఠం. దానికి వైద్యం పేరు తగిలిస్తే అసలు తప్పు చేసినవాళ్ళు తప్పించుకుంటారని ఆవిడ భయం. ఒప్పుకుంటాను.

అయితే ఆవిడ మాటలోనే నా జవాబు కూడా ఉంది. సగం తరగతి చదవలేనప్పుడు, ఆ సగంలో కలిసిపోయి అసలు కనిపించకుండా పోయేది డిస్లెక్సియా ఉన్న పిల్లవాడే. నేర్పనివాడికి ధ్వని ధ్వనిగా, వరుసగా, ఓపికగా నేర్పితే కొన్ని నెలల్లో అందుకుంటాడు. అప్పుడు కూడా అందుకోలేనివాడు విడిగా తేలతాడు. అంటే ముందు అందరికీ నేర్పాలి, ఏ కాగితమూ అడగకుండా. పేరు ఆ తర్వాత. ఈ ఒక్క విషయంలో ఆవిడ నా అభిప్రాయాన్ని కొంత మార్చింది. మొదట నేను నివేదిక వస్తేగాని సాయం మొదలవదు అన్నట్టు మాట్లాడేదాన్ని.

“ఆ రోజుల్లో ఇవేవీ లేవమ్మా” అనే రిటైరైన మాస్టార్లకు మాత్రం నేను ఇంచు కూడా తగ్గను. 1951 జనగణనలో మన దేశంలో అక్షరాస్యులు 18.33 శాతం. నూటికి ఎనభై మంది చదవని లోకంలో చదవలేకపోవడం ఒక లోటుగా ఎవరికి కనిపిస్తుంది? పొలానికి పోయాడు, మగ్గం ఎక్కాడు, ఎవరూ లెక్క రాయలేదు. మా తమ్ముడికి దుకాణంలో ఏ వైకల్యమూ లేదు. బ్యాంకు మెట్లు ఎక్కితే ఉంది. ఓటీపీ వస్తే ఉంది.

ఐన్‌స్టీన్ ఎందుకు?

ఓదార్చడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఐన్‌స్టీన్ పేరు తీశారు. ఆయనకు డిస్లెక్సియా ఉన్నట్టు గట్టి ఆధారమేమీ లేదు, అది అలా ఉంచండి. నిజమే అనుకున్నా ఆ ఓదార్పు నాకు నచ్చదు. దేవుడు ఒకటి తీసుకుంటే ఇంకోటి ఇస్తాడన్న లెక్క ఇది. పిల్లవాడు మామూలు పిల్లవాడైతే? బొమ్మలు వెయ్యడం రాదు, చదరంగం రాదు, గొప్ప ఊహలేమీ లేవు. అప్పుడు వాడు రెండోసారి తప్పినట్టు. మా తమ్ముడికి మోటారు శబ్దం తెలిసింది ఎవరి వరం వల్లా కాదు, పాతికేళ్ళు వార్నిష్ వాసన మధ్య కూర్చోవడం వల్ల. వాడు మేధావి కాదు. మేధావి కానక్కర్లేకుండానే దెబ్బలు తినకుండా పెరిగే హక్కు వాడికి ఉండాల్సింది.

సదరం గుమ్మం

ఇక సర్టిఫికెట్టు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్నవి ఏడు వైకల్యాలు, వాటిలో లర్నింగ్ డిజెబిలిటీ లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను ఇరవై ఒకటి చేసి దీన్ని చేర్చింది. పిల్లల్లో దీన్ని వీలైనంత తొందరగా గుర్తించాలని, ఐదేళ్ళకోసారి బడిపిల్లల్లో సర్వే జరపాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. మా తమ్ముడు బడి మానేసిన చాలా ఏళ్ళకు వచ్చింది.

2018 నాటి మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్ళు నిండాక మొదటి సర్టిఫికెట్టు, పద్నాలుగో ఏట మళ్ళీ, పద్దెనిమిదో ఏట మళ్ళీ. కాలు వంకరగా ఉంటే, వైకల్య సర్టిఫికెట్లకు పరీక్షలు చేసే సదరం క్యాంపులో ఎవరూ వాదించరు. గడగడా మాట్లాడే పిల్లవాడిని తీసుకువెళితే ‘వీడికేమైంది’ అన్నట్టు వరుసలో నిలబడ్డవాళ్ళందరూ చూస్తారు. దొంగ సర్టిఫికెట్ల వార్తలు చదివి ఉంటారు కాబట్టి ఆ చూపునూ తప్పుపట్టలేను. అమ్మ బాధ వేరు. “రేపు పెళ్ళిచూపుల్లో ఇది బయటపడితే?” అంటుంది. మూడో తరగతి పిల్లవాడి పెళ్ళిచూపులు!

ఆ కాగితం వల్ల వచ్చేది పెద్దగా ఏమీ లేదు. సీబీఎస్‌ఈలో మూడు గంటల పరీక్షకు ఇంకో గంట, రాసిపెట్టేందుకు ఒక మనిషి, మూడో భాష నుంచి మినహాయింపు. ఆ గంట కూడా చేతికి అందుతుందన్న హామీ లేదు. డిస్గ్రాఫియా ఉన్న ఒక అమ్మాయికి 2021 నీట్‌లో అదనపు సమయం ఇవ్వకుండా అందరితో పాటే జవాబు పత్రం లాగేసుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ గంట ఆమె హక్కని ఆ ఏడు నవంబరులో కోర్టు చెప్పింది గాని, పరీక్ష మళ్ళీ పెట్టమని మాత్రం అనలేదు. చట్టం, కోర్టు అన్నీ ఉన్నాయి, హాల్లో ఉన్న ఇన్విజిలేటరుకు ఆ సంగతి తెలియదు. మా నాన్నగారికి తెలియనట్టే.

తమ్ముడి సంగతి చెప్పాలి. ఈ పేరు వింటే వాడికి గుండె బరువు దిగుతుందని నేను అనుకున్నాను. ముప్పై ఐదేళ్ళ నింద పోయింది కదా! ఆ ఆదివారం నివేదిక మొత్తం విన్నాక వాడు కాఫీ తాగకుండానే గ్లాసు కింద పెట్టి, “అప్పుడు ఈ పేరు తెలిస్తే నాన్న కొట్టేవారు కాదా?” అన్నాడు. కొట్టేవారు కాదని చెప్పాలనిపించింది. మా నాన్నగారు నాకు తెలుసు కాబట్టి చెప్పలేకపోయాను. “నువ్వు?” అన్నాడు. దానికీ నా దగ్గర మాట లేదు. ఆ తర్వాత రెండు వారాలు వాడి నుంచి ఒక్క వాయిస్ మెసేజి కూడా రాలేదు.

మేనల్లుడికి ఇప్పుడు వారానికి మూడు రోజులు ఒక టీచరు వస్తున్నారు. పళ్ళెంలో రవ్వ పోసి, ధ్వని పలుకుతూ వేలితో అక్షరం దిద్దిస్తారు. ఒక రోజుకు ఒక్క ఒత్తే. నేను ఎప్పుడు వెళ్ళినా తమ్ముడు అక్కడే తచ్చాడుతూ ఉంటాడు, స్టూలు మీద ఏదో పాత స్విచ్చు విప్పుకుంటూ. చూస్తున్నట్టు కనిపించడు.

శ్రావణంలో పిల్లవాడికి ఎనిమిదేళ్ళు నిండాయి. పోయిన వారం సర్టిఫికెట్టు దరఖాస్తు నింపి తీసుకువెళ్ళాను. తండ్రి సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి కాగితం, పెన్ను వాడి ముందుకు జరిపాను. వాడు పెన్ను తీసుకోలేదు.

“మొత్తం చదువు అక్కా. కింద చిన్న అక్షరాలు కూడా” అన్నాడు.

నాలుగు పేజీలు. మధ్యలో రెండుసార్లు ఆపి మళ్ళీ చదవమన్నాడు. ముప్పావు గంట పట్టింది.